గోడ మీది మేక

"ఐదు కాళ్లున్నయి," అన్నాడు హెడ్మాస్టర్ దశరథం సార్, మొన్ననే సున్నం కొట్టిన బడి గోడ ముందు గొంతుకూర్చుని. "గీ జీవం పేరేంది మేడం?"

డ్రాయింగ్ టీచర్ సుమన వంగి చూసింది. కుడిచేతిలో టిఫిన్ సంచి, ఎడమ చేయి కొంగులో చుట్టుకుని ఉంది.

"మేకే సార్. ఐదోది తోక అయివుంటది."

"నులక మంచానికి కొమ్ములు మొలిచినట్టున్నది. నిన్న కోడి, ఇయ్యాల మేక. రేపు బడి పండుగ, ఊరంతా వస్తది. ఎవలో దొరకబట్టాలనే ఇయ్యాల జల్ది వచ్చిన. అప్పటికే గీసి పోయిన్రు." ఆయన లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "తిరుమలగిరి బస్సుకు అందరికన్న ముందొచ్చేది మీరే గద. గేటు కాడ ఎవలన్న కనపడ్డరా?"

"పిల్లలెవ్వరూ కనపడలే సార్." సుమన సంచి కింద పెట్టి నడుము రుద్దుకుంది. "బస్సుల సీటు గూడ దొరకలే. నడుం పట్టేసింది."

దశరథం సార్‌కు ఆరా తీయడమంటే ప్రాణం. మేక తన మోకాలి ఎత్తులోనే ఉందని చూపించాడు. "పెద్దోళ్ల పని గాదు. బొగ్గు మన వంట పొయ్యిలదే." ఈలోపు ఐదో తరగతి పిల్లలంతా చుట్టూ మూగారు.

"నాకెర్కే సార్," అన్నాడు క్లాసు లీడరు సాయి. "మేక మూతి కుడి దిక్కున్నది. కుడిచేతోళ్లు గీస్తే ఎడమ దిక్కొస్తది. పోయిన వారం టీచరే చెప్పింది."

"అందరికి గట్లనే రావాలని లేదురా," అంది సుమన.

"మా క్లాసుల ఎడమచేతిది ఒక్కతే సార్."

అన్ని తలలూ వెనక్కి తిరిగాయి. వరుస చివరనున్న సింధూజ చేతులు రెండూ వీపు వెనక దాచుకుంది.

డ్రాయింగ్ క్లాసులో ఆ పిల్ల కాగితం ఎప్పుడూ తెల్లగానే తిరిగొచ్చేది. అమ్మా నాన్నా జడ్చర్లలో కంపెనీ పనికి పోతే, ఇక్కడ అవ్వ సైదమ్మ దగ్గర పెరుగుతోంది. ఎడమచేత్తో గరిటె ముట్టుకున్నా అవ్వ తుమ్మ పుల్ల తీసుకుంటుంది. అందుకని ఒకసారి కుడిచేత్తో పువ్వు గీయబోతే గీత వణికి మెలికలు పోయింది. పాము, పాము అని క్లాసంతా నవ్వింది. మళ్లీ పెన్సిల్ పట్టలేదు.

"నేను గాదు సార్."

"మీ ఇంట్ల మేకలున్నయి. ఎడమ చెయ్యి నీదే. ఇంకెవలు? మీ బాపును పిలిపిస్త."

సింధూజ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "బాపును పిలవకుండ్రి సార్. ఒక్క దినం పోకున్నా పనిలకెల్లి తీసేస్తమన్నరట."

"జర ఆగుండ్రి సార్," అంది సుమన. "ఆమెతోని గూడ ఒక మేక గీయించుండ్రి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోదా?"

సార్ ముఖం వెలిగింది. "దస్తూరి కలిపి చూసుడన్నట్టు. మంచిగున్నది. గియ్యి బిడ్డా. గీడనే, దాని పక్కన. ఎట్లైనా మళ్ల సున్నం కొట్టాలె."

సుమన వంగి, గోడ కింద పడున్న బొగ్గు ముక్క తీసి అందించింది. సింధూజ దాన్ని కుడిచేత్తో పట్టుకుని గోడకు ఆనించింది. గీత వణికింది.

"పాము," అని గొణిగాడు సాయి.

"నాతోనే నాటకమా?" సార్ గొంతు పెరిగింది. "కుడిచేత్తో గీస్తే నాకేం తెలుస్తది? ఎడమచేత్తో గియ్యి."

"అవ్వ కొడ్తది సార్."

"మీ అవ్వకు నేను చెప్త. బడిల నా మాట నడుస్తది. ఎడమచేత్తోనే గియ్యాలె."

సింధూజ ఒకసారి సార్ ముఖంలోకి చూసి చేయి మార్చింది.

మొదట వీపు వచ్చింది, ఒక్క ఊపులో. తర్వాత బరువుగా వేలాడే చూడి కడుపు. తెగిన చెవి. వెనక కాళ్ల మీద లేచి, పైనున్న కొమ్మ కోసం మెడ సాచింది మేక. గోడ మీద కొమ్మ లేదు. అయినా పిల్లలందరూ పైకి చూశారు.

"ఓయ్, గిది మీ నల్లమేకనే గద," అన్నాడు సాయి. "చెవు కుక్క కొరికింది."

"ఆగురా, కాలు అయిపోలే," అంది సింధూజ, వెనక్కి తిరగకుండానే.

దశరథం సార్ ఒక మేక నుంచి ఇంకో మేకకు చూపు తిప్పాడు.

"గిది గీసిన చెయ్యి గది గియ్యదు," అన్నాడు. "నువ్వు గాదు బిడ్డా. ఊకెనే అన్న నిన్ను."

"సార్, పక్కన మేకపిల్లను గూడ గియ్యనా?"

సార్ గోడ కేసి చూశాడు. రేపటి పండుగ గుర్తొచ్చినట్టుంది. "గియ్యి. గీ గోడకు సున్నం వద్దు. మీ అవ్వను రేపు నేనే తోలుకొచ్చి చూపిస్త."

"సార్, నేను చెట్టు గీస్త," అన్నాడు సాయి.

"నన్నెందుకురా అడుగుతవ్? ఆమెనడుగు."

"సరే," అంది సింధూజ. "కొమ్మ మాత్రం నేనే గీస్త."

పిల్లలు బొగ్గు కోసం వంట పొయ్యి దిక్కు పరుగెత్తారు. సార్ మాత్రం ఐదు కాళ్ల మేకను వదల్లేదు. "మరి దీన్ని గీసిందెవలు మేడం? ఎప్పటికైనా పట్టుకుంట."

"ఇడిసిపెట్టుండ్రి సార్. ఇగ గియ్యరు."

సుమన నల్లా దగ్గరికి నడిచింది. ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, కొంగులోంచి ఎడమ చేయి బయటికి తీసింది.

వేళ్ల నిండా బొగ్గే.