ఆటలో తోడు

"ఇదేటి ఆట? కత్తి దూసేముందు గంటసేపు కబుర్లా? థూ!" మత్తునిచ్చే నంగోనా వేళ్ళ పానీయం గటగటా తాగేసి, కోతలు కొయ్యడంలో ఫిజీలోని లబాసా ఊరు మొత్తానికి ఎదురులేని జగన్నాథం మనవరాలి వీడియోగేమ్ రిమోట్ లాక్కున్నాడు.

"అరే తాతా, కథే దీని గొప్ప. తోడొచ్చిన పిల్ల మనం చెప్పిందంతా గుర్తుపెట్టుకుంటాది," అంది కామిని.

తెరమీది పిల్ల "నువ్వెవరు?" అనడిగింది. ఉన్న జవాబుల్లో పెద్ద కోత ఏరి, రాజుగారి కొడుకునని నొక్కాడు. మళ్ళీ అడిగితే సొరచేపను ఒంటిచేత్తో చంపానని నొక్కాడు.

"నీ మాట నమ్మను," అని ఆ పిల్ల మూట సర్దుకుని వెళ్ళిపోయింది.

"పనికిమాలిన బొమ్మ! మా ద్రౌపది నలభై ఏళ్ళుగా నా మాటలు ఇంటన్నాది, ఒక్కసారైనా లేచెళ్ళిందా?"

రోటీలు వత్తుతున్న అతని భార్య ద్రౌపది తలెత్తలేదు. "దానికి పోడానికి చోటుంది, పోయింది."

జగన్నాథం గొంతు తగ్గించాడు. "కామినీ, నిజం చెప్పాలంటే ఎక్కడ నొక్కాలి?"