తప్పిన జోస్యం

"బాబూ, ఈ చొక్కాకి ఒక గుండీ కుట్టిపెడతావా?"

దర్జీ తలెత్తలేదు. కూతురి పెళ్లి నెత్తిమీదికొచ్చేసింది. చుట్టాలందరి బట్టలూ తనే కుడతానని పట్టుబట్టి కూర్చున్నాడు మరి! అంత మొండిఘటం ఆ వీధి మొత్తంలో లేడు. బిగుతుగా కుట్టమంటే వదులుగా, వదులుగా కుట్టమంటే బిగుతుగా కుట్టే రకం.

"రేపు రండి."

"అవున్లే, ఇవాళ నీవల్ల అయ్యే పని కాదు" అన్నాడు పెద్దాయన.

"ఎందుక్కాదు? ఇటివ్వండి!"

దర్జీ సూదిలో దారం ఎక్కించాడు. పెద్దాయన వరసగా తగిలించి ఉన్న పెళ్లిబట్టల వంక చూశాడు.

"అందరికీ కుట్టావు, నీ చెల్లెలికి తప్ప. ఆవిడ ఈ పెళ్లికి రాదు."

సూది దర్జీ వేలికి గుచ్చుకుంది.

తను వద్దన్న అబ్బాయిని పెళ్లి చేసుకుని వెళ్లిపోయిన చెల్లెలు. ఆ అత్తింటివాళ్ల ముఖం చూడనని ఒట్టేసుకున్నాడు, ఇన్నేళ్లలో చూడనూ లేదు. కూతురేమో "అత్త రాకపోతే నాకీ పెళ్లే వద్దు" అని రోజూ ఒకటే ఏడుపు.

"నాకో చెల్లెలుందని మీకెలా తెలుసు?"

"జరగబోయేది చెప్పేవాణ్ణి. జరిగింది తెలియదా?"

"రాదని దేవుడొచ్చి మీ చెవిలో ఊదాడా?"

"దేవుడికి అన్నీ ముందే తెలుసు బాబూ."

"తెలిస్తే మాత్రం? నా కాళ్లేమన్నా కట్టేశాడా? నేను వెళ్లి పిలిస్తేనో?"

"నువ్వు వెళ్లవు."

"ఎందుకు వెళ్లను?"

"వెళ్లినా ఆవిడ రాదు."

"ఎందుకు రాదు? అది నా చెల్లెలు!"

గుండీ కుట్టి పెద్దాయన చేతిలో పెట్టి, అప్పటికప్పుడు కొట్టు మూసేసి బస్సెక్కాడు దర్జీ. చెల్లెలి గుమ్మం బయటే బిగుసుకుని నిలబడ్డాడు. "పెళ్లికి రా. రాకపోతే నీకూ నాకూ..." అంటూనే మాట పూర్తి చెయ్యలేక భోరుమన్నాడు.

పెళ్లినాడు మేనకోడల్ని కావలించుకున్న అత్త ఎంతకీ వదల్లేదు. దర్జీ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. అంతలో చివరి వరసలో కూర్చున్న పెద్దాయన కంటబడ్డాడు.

"ఏం పెద్దాయనా, రాదన్నారుగా! అదిగో, కళ్లు విప్పి చూడండి! మీ దేవుడికి ఏమీ తెలియదన్నమాట!"

"ఆయనకి తెలుసు బాబూ. తెలియంది నాకే."

"జోస్యం తప్పినందుకు సిగ్గుపడాల్సింది పోయి, పిలవని పెళ్లికి భోజనానికి తయారయ్యారా?"

చుట్టాలు ఘొల్లుమన్నారు. పెద్దాయన వాళ్లందరికంటే గట్టిగా నవ్వి, చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

ఆయనెక్కిన బస్సు కదిలిపోయాక చెల్లెలు పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో అన్నయ్యా, మా మామగారు భోంచెయ్యకుండానే బస్సెక్కేశారేమిటి? నువ్వొచ్చి పిలిచి తీరతావని, నువ్వు రాకముందే నా చేత పెట్టె సర్దించింది ఆయనేగా!"