మెర్సీకి వచ్చిన సున్నా

"సున్నా అంటే సున్నాయేనండి, టీచర్ గారూ. నేనేం కల్పించి వెయ్యలేదు," అంటూ రమేష్ బాబు మాస్టారు చీటీల కట్ట బల్ల మీద పెట్టాడు.

నరసాపురం చర్చి ఆవరణలో ఆడపిల్లల వేసవి శిబిరానికి అదే ఆఖరి రోజు. సాయంత్రం అమ్మానాన్నలు వచ్చేలోపల, ఈ పది రోజుల్లో ఏ పిల్ల ఎంత ఎదిగిందో ఫారాలు నింపాలి. ధైర్యానికి ఇన్ని మార్కులు, శుభ్రతకి ఇన్ని, కలుపుగోలుతనానికి ఇన్ని. ధైర్యం, శుభ్రత అంటే ఎలాగోలా కంటికి కనిపిస్తాయి. కలుపుగోలుతనాన్ని కొలవడానికి మాస్టారు చీటీల పద్ధతి కనిపెట్టాడు. ప్రతి పిల్లా తనకి బాగా ఇష్టమైన స్నేహితురాలి పేరు ఒక్కటి రాసి డబ్బాలో వెయ్యాలి. ఎన్ని చీటీల్లో పేరొస్తే అన్ని మార్కులు. పాపాయికి ఆరొచ్చాయి. మెర్సీకి ఒక్కటీ రాలేదు.

"పదేళ్ల పిల్లండీ! సున్నా వేసి చేతిలో పెడతామా?" అంది హెలెన్ టీచర్.

"నాకు మాత్రం సరదానా? వాళ్ళమ్మ జూన్‌లో మన హాస్టల్లో సీటు అడుగుతోంది. ఎవరితోనూ కలవని పిల్ల ముప్ఫై మంది మధ్య బెంగ పెట్టుకుని మంచం పడితే పూచీ ఎవరిదండి? సున్నా వస్తే సీటు లేదని కమిటీలో అనుకున్నాం. మీరూ ఉన్నారుగా ఆ రోజు."

"మంచి పిల్లండి."

"కాదన్నానా? ఆటకి పోదు. అన్నం దగ్గర నలుగురిలో కూర్చోదు. ఎప్పుడు చూసినా వరండా మెట్టు మీద మీ పక్కనే."

"అందుకేగా నేను పక్కన కూర్చోబెట్టుకుంటున్నాను, పాపం!"

మొదటి రోజు మధ్యాహ్నం మెర్సీ కంచం పట్టుకుని అటూ ఇటూ చూసి, వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. ఎవరూ చేర్చుకోలేదు కాబోలు అనుకుంది హెలెన్. కుర్ర టీచర్లు ముగ్గురూ ఫ్యాను కింద చేరి, ఒకే ఫోనులో తలలు దూర్చి నవ్వుకుంటూ తింటారు. ఒంటరిగా తినే ముద్ద ఎలా దిగుతుందో హెలెన్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే ఆ పిల్లని చూస్తే ఆవిడకి అంత జాలి.

పైగా గోదావరి అవతల వాళ్ళ లంకలో ఐదో తరగతితో బడి సరి. ఈ సీటు రాకపోతే మెర్సీ కూడా వాళ్ళమ్మ పక్కన చేరి లేసు అల్లుకోవాల్సిందే.

మాస్టారు టిఫిను పొట్లాలు చూసుకోవడానికి బయటికెళ్ళాడు. హెలెన్ గభాలున ఓ కాయితం చింపింది. తన రాత గుర్తుపడతారని ఎడం చేత్తో, వంకర టింకరగా 'మెర్సీ' అని రాసింది. ఆదివారం బడిలో అబద్ధం పాపమని ముప్ఫై ఏళ్లుగా చెబుతున్న మనిషి! ప్రభువు చూస్తూనే ఉంటాడు, చూడనీ అనుకుంది.

మాస్టారు రాగానే, "మర్చేపోయానండి! లోవలక్ష్మి జ్వరమొచ్చి మొన్న ఇంటికెళ్ళిపోయింది కదా, వెళ్తూ వెళ్తూ చీటీ నా చేతిలో పెట్టింది. బ్యాగులో ఉండిపోయింది," అంది.

"ఇరవై అయిదూ ఒకటీ ఇరవై ఆరు. అదీ సంగతి! లెక్క తగ్గిందేంటా అనుకుంటున్నాను." మాస్టారు చీటీ విప్పాడు. ఆయన మొహం విప్పారింది. "మెర్సీ! బతికించారు తల్లీ. నాకేమన్నా ఆ పిల్లతో పగా?" అంటూ సున్నా కొట్టేసి ఒకటి వేశాడు.

హెలెన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆ మధ్యాహ్నం ఆవిడ పులిహోర రెండోసారి వడ్డించుకుని మరీ తింది.

సాయంత్రం మెర్సీ తల్లి సంపూర్ణమ్మ గోదావరి దాటించే పంటు దిగి, ఎండలో నడిచి వచ్చింది. ఫారం చేతికివ్వగానే వేలుపెట్టి ఒక్కో ముక్కా కూడబలుక్కుని చదివింది.

"కలుపుగోలుతనం... అంటే స్నేహితులు... ఒకటా అండి?"

"అవునమ్మా, ఒకటి. సీటుకి ఢోకా లేదు," అన్నాడు మాస్టారు.

"అది కాదండి. ఒక్కటేనా అండి? మా లంకలో పిల్లలందరూ దీని వెనకాలే తిరుగుతారండి. దీని గోల పడలేక చస్తామండి, ఆయ్!"

మాస్టారు హెలెన్ వైపు చూశాడు. హెలెన్‌కీ ఏమీ అర్థం కాలేదు.

"ఎవరే ఆ ఒక్కత్తీ?" అంది సంపూర్ణమ్మ కూతురితో.

"లోవలక్ష్మి అని, మొగల్తూరు అమ్మాయి," అన్నాడు మాస్టారు.

"లోవలక్ష్మా?" మెర్సీ కళ్ళు పెద్దవి చేసింది. "అది నాతో మాట్లాడదు కదండీ!"

మాస్టారి చెయ్యి ఫారం మీదికి వెళ్ళింది.

"ఎందుకు మాట్లాడదే? ఏం చేశావ్?" అంది తల్లి.

"రోజూ తొక్కుడుబిళ్లకి రమ్మని చెయ్యి పట్టుకుని లాగేది. పాపాయి కూడా పిలిచింది. అందరూ పిలిచారమ్మా. నేను వెళ్ళలేదని కోపమొచ్చి, నాతో పచ్చి అని మాట్లాడ్డం మానేశారు."

"ఆటంటే అన్నం మానేస్తావు కదే! వెళ్ళడానికేం?"

మెర్సీ హెలెన్ వైపు ఓసారి చూసి, తల్లి కొంగు పట్టుకుని కిందికి లాగింది. చెవిలోనే చెప్పింది గానీ, పిల్ల గొంతు కదా, అక్కడున్న ముగ్గురికీ వినబడింది.

"టీచర్ గారు పాపం రోజూ ఒక్కరే కూర్చుని తింటారమ్మా. నేనూ వెళ్ళిపోతే ఆవిడ దగ్గర ఎవరుంటారు?"