పందులు తేల్చిన పెళ్లి

అంకప్ప అక్కా, చెల్లెలూ ఒకే రోజు గుడియాత్తం వచ్చి కూర్చున్నారు. ఇద్దరికీ అతని కూతురు వళ్ళే కోడలుగా కావాలి.

"నా కొడుకు దొరైకి ఇయ్యకపోతే ఇంక నీ గడప తొక్కను" అంది నాట్రంపల్లి అక్క.

"నా పెరుమాళ్‌కి ఇయ్యకపోతే నీకు చెల్లెలే లేదనుకో అన్నా" అంది పేర్ణాంబట్టు చెల్లెలు.

రాళ్లు కొట్టే అంకప్పకు చెమటలు పట్టాయి. పిల్లను ఎవరికిచ్చినా ఒక తోబుట్టువు దూరమవుతుంది. దిక్కు తోచక దొడ్డివైపు చూశాడు. పందిపిల్లలు గుర్రుగుర్రుమంటున్నాయి.

జర్మనీ యుద్ధం ముగిసిన ఏడాది వేలూరులో ఒక దొరగారి బంగళాకు గోడ కట్టడానికి వెళ్లి అతను పందుల్ని మేపే ఒక పద్ధతి చూసొచ్చాడు. తవుడు, గానుగ చెక్క, ఆకు కలిపేయకూడదు. దేని తొట్టిలో దాన్ని పెట్టాలి. ఎదిగే పంది తన ఒంటికి ఏది తక్కువైతే దాన్నే వెతుక్కుని తింటుంది. అలా మేపడం మొదలుపెట్టాక అతని పందులు పీపాల్లా తయారయ్యాయి.

"నేను చెప్పను. పందులు చెప్తాయి" అన్నాడు అంకప్ప. "వచ్చే ఆదివారం ఇద్దురు పిల్లోళ్లూ చెరొక తొట్టి మేత తీసుకోని రాండి. అవి దేనిమింద పడితే వాడే నా అల్లుడు."

ఆడవాళ్లిద్దరూ నోరు తెరిచారు. తర్వాత సరేనన్నారు. పందుల మీద ఎవరు అలుగుతారు?

"నన్నడిగేది ఏమన్నా ఉండాదా నాయనా?" అంది వళ్ళి.

"నువ్వూరుకోమ్మా. పందులకు తెలిసినంత మనకు తెలీదు."

ఆదివారం వీధి వీధంతా దొడ్డి చుట్టూ మూగింది. సొంత గానుగ ఉన్న దొరై బండెడు వేరుశనగ చెక్క దింపాడు. కమ్మటి వాసన! పెరుమాళ్ చంకలో ఒక మోపు తోటకూర, అంతే.

"చెక్క ముందర ఆకెవుడు తింటాడప్పా!" అని జనం పడీపడీ నవ్వారు. పెరుమాళ్ కూడా నవ్వి, తోటకూర తెచ్చి తొట్టిలో వేశాడు.

అంకప్ప తడిక తీశాడు. పందులు ఉరికొచ్చాయి. చెక్కను వాసన చూసి మూతి తిప్పుకున్నాయి. ఒక్క ఊపున తోటకూర మీద పడ్డాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ కాడలతో సహా నమిలేశాయి. ఒకటైతే పెరుమాళ్ పంచె కూడా పట్టి లాగింది.

ఈలలు, కేకలు! చెల్లెలు పందులకు దండం పెట్టింది. అక్క కొడుకు చెవి మెలేసింది.

"చెక్క మాడబెట్టినావు కదరా!"

"చూస్తిరా! పందికి అబద్ధం తెలీదు!" అంటూ అంకప్ప గంతులేశాడు.

తడిక పక్కన తలొంచుకుని నిలబడ్డ వళ్ళి, తోటకూరే తెమ్మని పెరుమాళ్‌కు ముందే కబురంపి, ఆదివారం వచ్చేదాకా పందులకు ఒక్క ఆకైనా చూపించకుండా పొట్టలు పగిలేలా చెక్కే మేపింది.