గాజు జాడీ వెనక గీతలు

రుచి చూద్దామని గిన్నె పట్టుకుని వెళ్లేసరికి గాజు జాడీలో రసం సగానికి దిగిపోయి ఉంది. ఎల్లుండే చర్చిలో ప్రభువు బల్ల, అందరికీ రొట్టె, ద్రాక్షారసం పంచే రోజు.

కొరియాలో మా దేగు ఊరి చర్చికి ఇరవై ఏళ్లుగా ద్రాక్షారసం పులియబెట్టేది నేనే. మా ఆయన పిల్హో తాగుడు మాని తొమ్మిది నెలలైంది. ఈ ఏడు నావల్ల కాదంటే, ఆయన మళ్లీ మొదలెట్టాడని చర్చంతా గుసగుసలు. చేస్తానంటే, జాడీ మా వంటింట్లోనే ఉండాలి. ఏం చెయ్యను? మద్యంతో మత్తులు కావద్దన్న బైబిలు వాక్యం రాసి మూతకి అంటించాను. జాడీ మీద గీత గీసి కాపలా కాశాను.

"ఏమయ్యా, ఇలా రా! ప్రభువు బల్లకి పెట్టినదాన్ని కూడా వదల్లేదా? సిగ్గులేదూ?"

ఆయన జాడీని వెనక్కి తిప్పాడు. అటువైపు కూడా గీతలున్నాయి. వాటి పక్కన ఆయన రాతతో తేదీలు.

"ఇది నేను బుసాన్‌లో అక్క ఇంటికి బయల్దేరిన రోజు పెట్టింది. ఇది వారానికి తిరిగొచ్చాక పెట్టింది."

రెండింటి మధ్య నాలుగు వేళ్ల ఎడం.

"పులుపు చూడొద్దా మరి?" అన్నాను. "అయినా నా కడుపు సంగతి నీకు తెలీదూ? కడుపు బాగోకపోతే కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని బైబిల్లో పౌలే రాశాడు."

ఆయన నవ్వలేదు. "ముప్పై ఏళ్లు నేను నీకు చెప్పింది ఆ ముక్కే, మల్సున్. అప్పుడు నువ్వేమనేదానివి?"

పౌలు చెప్పింది చెంచాడు, గిన్నెడు కాదు అనేదాన్ని.

చేతిలోని గిన్నెను ఏప్రాన్ వెనక్కి దాచుకున్నాను.