ముందు బండి

“బళ్ల విషయంలో నేను అబద్ధమాడితే పులస ముల్లు నా గొంతులో అడ్డంపడాలి. పుట్టి బుద్ధెరిగాక ఆడలేదు,” అన్నాడు సత్తియ్య, కొవ్వూరులో చంద్రరావు ఇంటి అరుగు మీద కాలు మీద కాలేసుకుని.

“అయితే ఇవాళే మొదలెట్టావన్నమాట,” అన్నాడు చంద్రరావు.

వాకిట్లో అతని బుల్లెట్ తళతళలాడుతోంది. వెనక సంచులు కూడా కట్టేసి ఉన్నాయి. తెల్లారితే ప్రయాణం. ఏటా రెండో పంట దాళ్వా నాట్లు అవగానే నలుగురు మిత్రులూ నాలుగు బళ్ల మీద అరకు మీదుగా పూరీ దాకా వెళ్లి రావడం, చిన్నప్పటి బడి స్నేహానికి మిగిలిన ఒకే ఒక్క పండగ. నలుగురికీ అరవై దాటినా అది ఆగలేదు. ఏ ఏడైనా ముందు బండి చంద్రరావుదే. ఈ ఏడు మాత్రం అతను రాకూడదని చెప్పడానికి మిగతా ముగ్గురూ పొద్దున్నే వచ్చి కూర్చున్నారు.

కారణం చంద్రరావు పెట్టిన రూలే. దారిలో ఎవడి బండి మొరాయిస్తే వాడు పై ఏడు ఇంట్లో కూర్చోవాలి. భీమవరంలో రొయ్యల మేత అమ్మే రాజేంద్ర ఒకసారి ఆ రూలుకి బలయ్యాడు. చైను తెగిన పాపానికి కాళ్లావేళ్లా పడ్డా చంద్రరావు కనికరించలేదు. పైగా బయల్దేరే రోజు పనిగట్టుకుని భీమవరం వెళ్లి, షాపు ముందు హారన్ కొట్టి మరీ వచ్చాడు. నిరుడు తిరుగు ప్రయాణంలో, అనంతగిరి ఘాట్‌లో చంద్రరావు బండే మొరాయించిందనీ, మనిషినీ బండినీ వ్యాన్‌లో ఎక్కించి ఇంటికి చేర్చామనీ ఇప్పుడు ముగ్గురిదీ ఒకటే మాట.

“నా బండి చెడిపోయినట్టు నాకు గుర్తులేదు,” అన్నాడు చంద్రరావు.

“ఓడిపోయిన సంగతి ఎవడికి గుర్తుంటుందిరా,” అన్నాడు రాజేంద్ర, పాత బాకీ తీర్చుకుంటున్నవాడిలా.

చంద్రరావు ఊరుకోలేదు. మెకానిక్ మురళీకృష్ణ చేత ఇంజను మొత్తం విప్పించి చూపించానన్నాడు. వంక పెట్టడానికి ఒక్క నట్టు కూడా దొరకలేదన్నాడు. ధవళేశ్వరం కాలవల ఆఫీసులో రిటైరైన లోకనాథ్ గొంతు సవరించుకుని, ఇంటి ముందు పలకడం వేరు, ఘాట్‌లో పలకడం వేరని పెద్దమనిషి తీర్పు చెప్పాడు. అయితే ఘాట్‌లో ఏం పోయిందో చెప్పమని నిలదీశాడు చంద్రరావు.

చెప్పే పని సత్తియ్యది. కోరాపుట్‌లో టీ తాగుతుండగా సైలెన్సర్లోకి ఓ కప్ప దూరిందన్నాడు. మామూలు కప్ప కాదట, ఒడ్డున బోర్లించిన తట్టంత ఉందట. ఘాట్ ఎక్కేసరికి దానికి ఊపిరాడక, దీనికి పొగ ఆడక బండి ఆగిపోయిందట. అరగంట బతిమాలితే మసి పూసుకుని బయటికొచ్చి, నలుగుర్నీ ఒకసారి ఎగాదిగా చూసి లోయలోకి గెంతిందట.

“పోయిన వారం కార్బురేటర్లో ఎర్రచీమలన్నావు,” అన్నాడు చంద్రరావు.

“ఆ చీమల్ని తినడానికే కప్ప వచ్చింది.”

రాజేంద్ర కిసుక్కున నవ్వాడు. చంద్రరావు నవ్వలేదు. సత్తియ్య హాయిగా చేతులెత్తేశాడు. “సరే, కప్ప నా కల్పనే. చీమలూ నావే. ముల్లు పడితే పడనీ. బండి మొరాయించిన మాట మాత్రం నిజం.”

చంద్రరావు లేచి నిలబడ్డాడు. “పడవ తెడ్డు తప్ప హ్యాండిల్ ఎరగని వాడివి. కాలవ గట్టు మీద వెనక పరిగెత్తి నీకు బండి నేర్పింది నేను. ఇవాళ నా చోటు కావాలి నీకు. అంతేనా?”

“అంతే,” అన్నాడు సత్తియ్య. “ఇన్నేళ్లూ నీ పొగ పీల్చాను. ఇక చాలు.”

టీ గ్లాసులు తెచ్చిన భార్య వీరవేణిని చంద్రరావు సాక్ష్యం అడిగాడు. తన బండి ఎప్పుడైనా ఆగిందేమో వీళ్లకి చెప్పమన్నాడు. ఆవిడ గ్లాసులు ఒక్కొక్కటే అందించి, “రూలు మీరు పెట్టిందే కదండీ,” అని ఎవరి మొహమూ చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

చంద్రరావు చాలాసేపు ఆ గుమ్మం వైపే చూశాడు. తర్వాత జేబులోంచి తాళం తీసి సత్తియ్య మొహాన విసిరాడు.

“నా బండే తోలుకో. ముందే నడుపు, పూరీయే వెళ్లు, ఇంకెక్కడికైనా పో. నా గుమ్మం మాత్రం తొక్కకు. నువ్వు చచ్చినా నేను చూడ్డానికి రాను.”

తాళం తగిలి సత్తియ్య కనుబొమ మీద చిన్న గీత పడింది. కింద పడ్డ తాళాన్ని ఏరుకుని, మట్టి ఊది, రొంటిన దోపుకున్నాడు. బండికి కట్టిన చంద్రరావు సంచుల్ని తనే విప్పి అరుగు మీద వరసగా పేర్చాడు. టీ ముట్టుకోలేదు. బుల్లెట్ ఎక్కి, తాళం పెట్టి కిక్కు కొడితే ఒక్క దెబ్బకే పలికింది. ఆ చప్పుడుకి చంద్రరావు దొంగని పట్టుకున్నవాడిలా చెయ్యి చాపి చూపించాడు. ఎవరూ అటు చూడలేదు. ముగ్గురూ వీధి మలుపు తిరిగేదాకా వెనక నుంచి తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి.

సత్తియ్య కల్పనల్లో కప్ప చిన్నది, చీమలు ఇంకా చిన్నవి. అసలైన కల్పన, బండి చెడిపోవడం.

నిరుడు అనంతగిరి మలుపులో చంద్రరావు తనే బండి ఆపి, సత్తియ్యని “మీది ఏ ఊరండీ?” అని అడిగాడు.