పట్టు వదలని అత్తగారు

కోడలు జుట్టు సర్దుకుని కుర్చీలో కూర్చుందో లేదో, లాప్‌టాప్ తెర టప్పున ఆరిపోయింది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన ఉద్యోగం. ఇంకాసేపట్లో ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ.

"అత్తయ్యా, నా పని అయిపోయిందండీ. మళ్ళీ పోయింది."

అత్తగారు తుడుపు గుడ్డతో చేతులు ఒత్తుకుంటూ వంటింట్లోంచి వచ్చారు. ఆ లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చేతులెత్తేసింది. చార్జరు తీసిన కాసేపటికే కొండెక్కుతుంది. చార్జరు వైరు చూస్తే పిన్ను దగ్గర చిట్లిపోయి, లోపలి తీగలు బయటికి తొంగిచూస్తున్నాయి. పైన చుట్టిన టేపు జిగురు వదిలి వేలాడుతోంది.

"వాడికి లక్షసార్లు చెప్పాను. పిన్ను పట్టుకుని తియ్యరా అంటే, దూడ పలుపు లాగినట్టు వైరు పట్టుకుని లాగుతాడు. ఏడీ వాడు?"

"కొత్తది కొనుక్కొస్తానని బజారుకి వెళ్ళారు."

అత్తగారు వైరుని అటు తిప్పారు, ఇటు తిప్పారు. పిన్ను దగ్గర దాని మెడ కాస్త వంచి పైకెత్తి పట్టుకునేసరికి చార్జరు దీపం వెలిగింది. కోడలు మీట నొక్కింది. తెరకి ప్రాణం వచ్చింది.

"నువ్వు మాట్లాడుకో. నేను ఇలాగే పట్టుకుని టేబుల్ కింద కూర్చుంటాను."

"మీకు మోకాళ్ళ నొప్పులు కదండీ."

"మోకాళ్ళతో పట్టుకుంటానటే? చేత్తోనేగా."

టేబుల్ మీది గుడ్డ నేల దాకా జారుతోంది. దాని వెనక ఆవిడ సర్దుకున్నారో లేదో, తెర మీద మేనేజరు ప్రత్యక్షమయ్యాడు. బొద్దుగా ఉన్నాడు. ఆ మొహం నవ్వి ఎంతకాలమైందో అతనికే తెలియాలి.

మొదటి ప్రశ్నలకి కోడలు చకచకా జవాబులు చెప్పింది. అంతలో కింద అత్తగారి ఫోను గుర్రుమంది. కొడుకు.

"అమ్మా, పిన్ను ఎలా ఉంటుంది? ఇక్కడ పాతిక రకాలున్నాయి."

సరిగ్గా అప్పుడే మేనేజరు అడిగాడు. "మీ పైఅధికారి ఎలా ఉంటే మీకు ఇష్టం?"

"సన్నగా, గుండ్రంగా," అంది టేబుల్.

మేనేజరు కోటు గుండీ సర్దుకున్నాడు. కోడలు గబగబా అందుకుంది.

"అంటే... సన్నగా మందలిస్తూ, అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టుకుని మాట్లాడేవారైతే బాగుంటుందండీ."

"ఊఁ. ఉద్యోగమిస్తే ఎప్పుడు చేరగలరు?"

కింద కొడుకు వోల్టులు అడుగుతున్నాడు. కొలత కలవకపోతే లాప్‌టాప్ కాలిపోతుందట. అత్తగారు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఖాళీ అయిన చేత్తో చార్జరు డబ్బా దగ్గరికి లాక్కుని, కళ్ళు చికిలించి, దాని మీదున్నది చదివారు.

"పంతొమ్మిది."

"పంతొమ్మిదో తారీఖా? మంచిది," అంటూ మేనేజరు రాసుకున్నాడు.

అంతే, అత్తగారికి నవ్వు తన్నుకొచ్చింది. తుడుపు గుడ్డ నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. భుజాలు ఎగిరాయి, చెయ్యి ఊగింది, తెర ఒకసారి మసకబారి మళ్ళీ వెలిగింది. ఆ నవ్వు కాళ్ళకి తగిలి కోడలూ పెదవి కొరుక్కుంది. లాభం లేకపోయింది. కిసుక్కుమంది.

మేనేజరు కలం కింద పెట్టాడు. "అక్కడ ఇంకెవరో ఉన్నారు. మీకు సమాధానాలు అందిస్తున్నారా?"

కోడలి నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఇక దాచి లాభం లేదనుకుంది.

"మా అత్తగారండీ. సమాధానాలు కాదు, కరెంటు అందిస్తున్నారు. వైరు పాడైంది, పట్టుకోకపోతే లాప్‌టాప్ ఆగిపోతుంది."

గుడ్డ పక్కకి తప్పుకుంది. వైరు పట్టుకున్న చెయ్యి, దాని వెనక రేగిన జుట్టుతో అత్తగారి తల పైకి వచ్చాయి.

"నమస్కారం బాబూ. చదువు సంగతులన్నీ అమ్మాయివే. నాకు తెలిసింది ఈ వైరు పట్టుకోవడం ఒక్కటే. కావాలంటే ఇంకో నాలుగు ప్రశ్నలు అడగండి, నోరు మూసుకుని కూర్చుంటాను."

మేనేజరు నవ్వలేదు. కింద పెట్టిన కలం మళ్ళీ తీసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"చూడండమ్మా, మా కంపెనీలో..."

అతని మొహం మాయమైంది.

"ఒట్టు, నేను వదల్లేదే," అన్నారు అత్తగారు బిక్కమొహం వేసి.

"మీరు కాదండీ. మనది వెలుగుతూనే ఉంది. ఆయనే కోపమొచ్చి కట్టేశారు." కోడలు కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

అత్తగారు వైరు మాత్రం వదల్లేదు.

కోడలి ఫోను మోగింది. మేనేజరు గొంతే, కానీ గుసగుసగా ఉంది.

"ఏమనుకోకండమ్మా, ఉద్యోగం మీకే అని చెప్పబోతున్నాను. ఇంతలో ఇక్కడ టేబుల్ కింద మా మామగారు నిద్రపోయారు."